అక్క గుండె కొట్టుకునే తీరు

అక్కకి పక్షవాతం వచ్చింది కుట్టు దుకాణంలోనే, చెల్లెల్ని తిడుతుండగా. "చంక దగ్గర గుడ్డ లాగేస్తోంది, కళ్ళెక్కడ పెట్టుకుని కుట్టావే?" అని మొదలుపెట్టిన మాట సగంలో ముద్దయిపోయింది. కుడిచేతిలోంచి కత్తెర జారి కింద పడింది.

ఆసుపత్రిలో ఛాతీకి తీగలంటించి, గుండె కొట్టుకునే తీరు ఒక రోజంతా చూశారు. డాక్టరమ్మ చెల్లెల్ని పక్కకి పిలిచింది.

"గుండె కొట్టుకునే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కాస్త అటూ ఇటూ మారుతుండాలమ్మా. మీ అక్కగారిది గడియారంలా ఒకేలా ఉంది. ఇలా ఉన్నవాళ్ళు కోలుకోవడం కొంచెం కష్టం. అలాగని తేల్చి చెప్పలేం. వ్యాయామం మాత్రం ఆపొద్దు."

చెల్లెలు మంచం దగ్గరికొచ్చి, "ఇక చెయ్యి రాదటక్కా. కొట్టు నేను చూసుకుంటాలే," అంది.

అక్క నోరు పెగల్లేదు. కళ్ళు మాత్రం నిప్పులు కురిపించాయి. ఇన్నేళ్ళూ తనని కత్తెర ముట్టుకోనివ్వని మనిషి అలా పడుంటే చెల్లెలికి జాలి కలగాలి. కలగలేదు.

ఇంటికొచ్చాక, వ్యాయామం చేయించడానికి వచ్చినతను అసలు సంగతి చెప్పేశాడు. "రాదని ఎవరన్నారమ్మా? డాక్టరమ్మ కష్టమన్నారు, అంతే."

ఆ రోజు నుంచి అక్క రబ్బరు బంతిని చెల్లెలి పీక అనుకుని నలిపింది.

"బంతి నలిపితే జాకెట్లొస్తాయా?" అంది చెల్లెలు, గుమ్మంలోంచి.

"నీకు... కుట్టినా... రావు," అంది అక్క. జబ్బుపడ్డాక ఆమె పూర్తిగా పలికిన మొదటి మాట అదే.

మళ్ళీ పరీక్ష చేస్తే గుండె తీరు కొంచెం మెరుగుపడింది. వేళ్ళు విచ్చుకున్నాయి గానీ, కత్తెర పట్టేంత బలం రాలేదు. అయినా అక్క చేతికర్ర పట్టుకుని దుకాణానికి వచ్చేసింది.

"లే. నా బల్ల."

"కోసేదెవరు? నువ్వా?" చెల్లెలు తలెత్తకుండా కత్తిరిస్తూనే ఉంది.

అక్క కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, కత్తెరకి ఎదురుగా గుడ్డ మీద పెట్టింది. "కొయ్యి."

చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. తర్వాత చెల్లెలు కత్తెర విసిరికొట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడామె పక్కవీధిలో సొంతంగా కుడుతోంది. ఇక్కడ అక్క ఎడమచేత్తో గీతలు గీసి చూపిస్తుంది, కత్తిరించడానికి వచ్చినవాళ్ళెవరూ ఆమె దగ్గర నిలవడం లేదు. మీ అక్కకెలా ఉందని ఎవరైనా అడిగితే చెల్లెలు, "నోటికేం, బ్రహ్మాండంగా ఉంది," అంటుంది.