ఇతరాలు

"సాక్స్ జతలు ఇంకా కలపలేదా?" అన్నాడు మా ఆయన గుమ్మంలో నిలబడి. కలపలేదా అన్నాడు గానీ, కలపనా అనలేదు. ఆదివారం మధ్యాహ్నం. మంచం మీద ఉతికిన బట్టల గుట్ట, దాని పక్కన నేను, నా ఒళ్లో ల్యాప్‌టాప్. ఇంట్లో ఉన్నది ముగ్గురం, అంటే ఆరు కాళ్లు. ఆరు కాళ్లకి ఇన్ని సాక్స్ ఎక్కణ్ణుంచి వస్తాయో, వాటిలో సగం జత లేకుండా ఎలా మిగులుతాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. "ఉతికింది నేనేగా, సర్దడమైనా నువ్వు చూడకూడదా?" అన్నాడు మళ్లీ. నిజమే, మెషీన్‌లో వేసి బటన్ నొక్కింది తనే. ఆ శుభవార్త ఫోన్‌లో మా అత్తగారికి అప్పుడే చేరిపోయింది కూడా. "మావాడు బట్టలు కూడా ఉతుకుతాడు, పెట్టి పుట్టావమ్మాయ్" అని వారానికోసారైనా అంటుందావిడ. అవునత్తయ్యా అంటాను. ఇంకేమంటాను?

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ సర్దుడు పనే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఎలా పనిచేస్తారు, ఎందుకు మానేస్తారు అన్నదాని మీద మా మేడమ్ పరిశోధన చేస్తున్నారు. ముప్ఫై తొమ్మిదేళ్లొచ్చాక నేను ఆవిడ దగ్గర పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. పదిహేడు మందిని తలా ఓ గంట మాట్లాడించి, ఆ మాటలు టైపు చేయించి, పేర్లు తీసేసి, ముఖ్యమైన వాక్యాలు విడదీసి, ఎవరేది అన్నారో తెలీకుండా పేకముక్కల్లా కలిపేశారు. మొత్తం మూడొందల పన్నెండు వరుసలు. ఇద్దరు మనుషులు విడివిడిగా కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒక్కో వరుసకీ ఒక్కో లేబుల్ పెట్టాలి. జీతం, బాస్, విసుగు, ఇలాగన్నమాట. దేంట్లోనూ పడకపోతే 'ఇతరాలు'. తర్వాత ఇద్దరి లేబుళ్లూ ఎంతవరకు కలిశాయో, గుడ్డిగా పెట్టినా కలిసే వంతు తీసేసి లెక్కేస్తే ఓ అంకె వస్తుంది. అది పాయింట్ ఎనభై దాటితేనే మా పేపర్‌ని ఎవరైనా నమ్ముతారు. మాది పాయింట్ అరవై ఆరు.

నా జోడీగా లేబుళ్లు పెట్టినాయన్ని మేమంతా కామాలాయన అంటాం. యాభై దాటాయి. ఇరవై ఏళ్లు కంపెనీల్లో టెస్టింగ్ చేసి, ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెప్తున్నాడు. ఎవరేం రాసిచ్చినా ఎర్ర పెన్నుతో కామాలు పెట్టి తిరిగిస్తాడు. మా ఇద్దరికీ కుదరని వరుసలు అరవై మూడు. "మీటింగ్‌లో ఎవరేమన్నారో రాసిపెట్టడం ఎప్పుడూ నా వంతే, ఎందుకో తెలీదు." "కొత్తవాళ్లకి పని నేర్పింది నేను, ప్రమోషన్ వాళ్లకి." "నేను సెలవు పెట్టిన రోజు ఏదీ నడవదు, నేనున్న రోజు ఏం చేశానో ఎవరికీ తెలీదు." ఇలాంటివన్నీ. వీటి కోసం నేను ఒక కొత్త లేబుల్ తయారుచేశాను, 'కనిపించని పని' అని. సరే, చూద్దాం అన్నారు మేడమ్ అప్పట్లో. నేను ఆ లేబుల్ పెట్టిన చోటల్లా కామాలాయన పద్ధతిగా 'ఇతరాలు' అని పెట్టుకుంటూ పోయాడు.

సోమవారం మేడమ్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. "మన ప్రశ్న పని పద్ధతుల గురించి. ఇవన్నీ ఆడవాళ్ల గోడు. నాకు తెలీదా చెప్పు, నేనూ పడి వచ్చినదాన్నే. దీని మీద తర్వాత వేరే పేపర్ రాద్దాం. శుక్రవారంలోగా ఇద్దరూ కూర్చుని సర్దుకోండి" అన్నారు. ఇద్దరూ అన్నారు గానీ చూసింది నన్నే. సర్దుకోకపోతే వరుసలన్నీ మూడో మనిషికి వెళ్తాయి, ఆయన మాటే ఆఖరు. నా లేబుల్ ఎలాగూ పేపర్లోంచి లేచిపోతుంది, పైగా పేపర్ రాసినవాళ్లలో మొదటి పేరుగా నా బదులు కామాలాయన పేరు పడుతుందని మేడమ్ ముందే చెప్పారు. మొదటి పేరు నాది కాకపోతే నేను థీసిస్ ఇవ్వలేను, ఈ ఏడు దాటితే ఇవ్వడానికి గడువే లేదు. మూడేళ్లు బూడిదలో పోసిన పన్నీరే.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నవ్వాడు. "అరవై మూడు మాటలు మార్చడానికి ఇంత ఏడుపా? మార్చి పారేయ్. ఒక్కోసారి నువ్వే పనులు జటిలం చేసుకుంటావు." ఆనక, ఎప్పట్లాగే, "అయినా నీ ఇష్టం" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. పదకొండేళ్ల కిందట నేనూ సాఫ్ట్‌వేర్ రాసేదాన్నే. పాపకి ఏడాది. క్రెష్ వాళ్ల దగ్గర ఇద్దరి నంబర్లూ ఉండేవి, కానీ జ్వరమొచ్చినా, ఏడ్చినా, పాలసీసా మర్చిపోయినా ఫోన్ నాకే మోగేది. ఆఫీసులో మేనేజరు ఏడాది చివర్న కూర్చోబెట్టి, "మీరు అందరికీ సాయం చేస్తారు, మంచిదే. కానీ ఇదీ మీరు చేసింది అని చూపించడానికి ఏమీ లేదండీ" అన్నాడు. ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను, ఏం చెయ్యను అని. "నీ ఇష్టం, నేనెప్పుడైనా అడ్డు చెప్పానా?" అన్నాడు. అత్తగారు, "నీ ఇష్టం అమ్మాయ్, పిల్ల మొహం చూసి నువ్వే తేల్చుకో" అంది. మా అమ్మ కూడా, ఆఖరికి మా అమ్మ కూడా, నీ ఇష్టమేనే అంది. అంతమంది నా ఇష్టానికి వదిలేశాక ఉద్యోగం ఒక్క వారంలో వదిలేశాను. ఆఖరి రోజున హడావుడిలో నా బూడిదరంగు స్వెటర్ కుర్చీకే వేలాడదీసి వచ్చేశాను, మళ్లీ వెళ్లి తెచ్చుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడు నోరెత్తినా ఒకటే మాట: "నిన్నెవరు మానేయమన్నారు? నువ్వే మానేశావు."

గురువారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని మార్చడం మొదలుపెట్టాను. పోరాడే ఓపిక లేదు, నిజం చెప్తున్నాను. థీసిస్ కావాలి నాకు. ఒక వరుస చదవడం, నా లేబుల్ కొట్టేయడం, 'ఇతరాలు' అని కొట్టడం. మీటింగ్ రాసే ఆవిడ, ఇతరాలు. కొత్తవాళ్లకి నేర్పిన ఆవిడ, ఇతరాలు. మొదట్లో ఒక్కొక్కరికీ మనసులో సారీ చెప్పుకున్నాను. పది దాటాక చెప్పడం మానేశాను. నలభై దాటాక చదవడమే మానేశాను. సిగ్గులేని చేతులు, వాటంతటవే కొట్టుకుపోతున్నాయి.

నలభై ఆరోది దగ్గర ఆగాను. ఇక్కడ తిరగబడి ఉంది వ్యవహారం. 'ఇతరాలు' పెట్టింది నేను. 'కనిపించని పని' అని పెట్టింది కామాలాయన! మొత్తం వరుసల్లో ఆయన ఆ లేబుల్ వాడిన చోటు ఇదొక్కటే. వాక్యం ఇది: "నేనే మానేశానండీ. ఇంట్లో ఎవరూ మానేయమనలేదు. మావారు చాలా సపోర్ట్." చదివితే నాకిప్పుడూ ఇతరాల్లాగే కనిపించింది. ఎవరో సుఖంగా ఉన్న మనిషి, ఏ బాధా లేక మానేసింది, మనకెందుకు అనిపించింది. పక్కన ఆయన ఒక ముక్క రాశాడు: "ఎవరూ అడగలేదు, ఇంటి గురించి ప్రశ్నే లేదు, అయినా చెప్తోంది, మా ఆవిడ కూడా అచ్చం ఇలాగే చెప్తుంది, అందుకే ఇక్కడ పెట్టాను."

ఈయనకిదేం పుట్టింది అనుకుంటూ, ముందూ వెనకా చూద్దామని టైపు చేసిన ఫైళ్లలో ఆ వాక్యాన్ని వెతికి, ఆ మనిషి మాట్లాడిన గంటంతా తెరిచాను. పదిహేడో మనిషి. మేడమ్ అడిగారు, ఆఖరి రోజు టీమ్‌లో పనులు ఎవరికి అప్పజెప్పారు అని. జవాబు: "అప్పజెప్పడానికేముందండీ, నాది అని రాసున్న పనే లేదు కదా. నేనే మానేశానండీ. ఇంట్లో ఎవరూ మానేయమనలేదు. మావారు చాలా సపోర్ట్. నా స్వెటర్ కూడా కుర్చీకే ఉండిపోయింది."

స్వెటర్ అన్న మాట దగ్గర తెలిసింది, ఆ పదిహేడో మనిషిని నేనే. మూడేళ్ల కిందట, నేను చేరిన కొత్తలో, ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి మేడమ్ ముందు నన్నే కూర్చోబెట్టి అడిగారు. సంతకం కూడా పెట్టించుకున్నారు. అది ఉత్త ట్రయల్ అనుకుని నేను మర్చిపోయాను. మధ్యలో ఒకాయన తన మాటలు వాడొద్దని తప్పుకుంటే, ఆ ఖాళీలో నన్ను పెట్టేసినట్టున్నారు. అదంతా సరే. నా మాటని నేనే చదివి, నేనే గుర్తుపట్టలేక, నా చేత్తో నేనే ఇతరాల్లో పడేశాను. ముక్కూ మొహం తెలీని మనిషిని, స్వెటర్ మాట కూడా చూడకుండానే, కామాలు పెట్టుకునే ఆయన పట్టుకున్నాడు, నేను పట్టుకోలేకపోయాను. అసలు ఆ వాక్యం నాది కూడా కాదు. మా ఆయన పదకొండేళ్లుగా నాకు వినిపించిందే, నా గొంతుతో అప్పజెప్పాను. ల్యాబ్‌లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. ముక్కు చీదుకుని, మార్చిన నలభై అయిదు వరుసల్నీ మళ్లీ వెనక్కి మార్చాను. నలభై ఆరోది ఒక్కటి మాత్రం కామాలాయన పెట్టినట్టే పెట్టాను.

"ఎన్ని మార్చావు?" అన్నారు మేడమ్ శుక్రవారం.

"ఒకటి మేడమ్."

అంకె పాయింట్ అరవై ఏడయింది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎవరి వాక్యమో ఆవిడకి గుర్తుందేమోనని మొహంలోకి చూశాను. లేదు. "ఏం జరుగుతుందో తెలుసుగా? ఆలోచించుకునే చేశావుగా?" అన్నారు. తెలుసు మేడమ్ అన్నాను. "సరే మరి. నీ ఇష్టం" అని వరుసలన్నీ మూడో మనిషికి పంపేశారు. బయటికొస్తుంటే వరండాలో కామాలాయన ఎదురుపడి, "మీరు సర్దుకుపోవాల్సింది అమ్మా, మొదటి పేరు నాకేం చేసుకోను?" అన్నాడు. మీ ఆవిడ బాగున్నారా అని అడిగాను. ఆయన తెల్లబోయి, బాగానే ఉందన్నాడు.

సాయంత్రం నేను జరిగింది చెప్పగానే మా ఆయన వాళ్లమ్మకి ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి. నేను మంచం మీద ఆదివారం నాటి సాక్సే ఇంకా కలుపుతున్నాను. "కోడలి చదువు ఎంతవరకొచ్చిందిరా?" అంది అత్తగారు. "ఇంకేం చదువమ్మా, పోయినట్టే. ఎవరూ వద్దనలేదు, తనే మానేసింది" అన్నాడు.

"నేను మానేయలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను, ఫోన్‌లో ఆవిడకీ వినబడేట్టు. "ఇప్పుడే కాదు, అప్పుడూ మానేయలేదు. అందరూ నీ ఇష్టం నీ ఇష్టం అన్నారు. నా ఇష్టం ఏంటని ఒక్కరైనా అడిగారా? నువ్వడిగావా?"

మా ఆయన ఫోన్ పెట్టేశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వచ్చి బట్టలు పక్కకి జరిపి నా ఎదురుగా కూర్చున్నాడు. వెటకారమూ లేదు మొహంలో. "సరే. ఇప్పుడడుగుతున్నాను, చెప్పు. ఏంటి నీ ఇష్టం?"

నోరు తెరిచాను. ఎక్కడో ఉండాలి కదా అని వెతికాను. ఉద్యోగమా, థీసిసా, ఇంకో ఊరా, పాపా, ఒక్క గంటసేపు ఏమీ కలపకుండా కూర్చోవడమా. ఏ ఒక్కటీ నాలుక మీదకి రాలేదు. తను నిజంగానే ఎదురుచూస్తున్నాడు. పదకొండేళ్లుగా ఎవరూ అడగకపోయేసరికి ఆ మాట నన్ను నేను అడుక్కోవడం కూడా మానేశాను. అదొక్కటి మాత్రం నిజంగా నేనే మానేశాను.