తొంభైతొమ్మిది నొక్కిన వేళ్లు

ఆ తాళాల కంపెనీలో ఆపరేటరమ్మకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతి హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పద్దెనిమిదేళ్లుగా ముందు హాల్లో, గాజు తలుపు పక్కన, ఫోన్ల బోర్డు ముందు ఆవిడ కుర్చీ. కంపెనీకి ఫోన్ చేసినవాళ్లు మొదట వినేది ఆవిడ గొంతే. ఆవిడ ఇంటికి వెళ్లిపోయాక చేసినా ఆవిడ గొంతే వినాలి. వాయిస్ మెయిల్ మెషీన్ పెట్టిన ఏడాది "సందేశం వినడానికి ఒకటి నొక్కండి, దాచుకోవడానికి రెండు, తుడిచేయడానికి మూడు" అన్న మాటల్నీ, సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా అంకెల్నీ మూడు మధ్యాహ్నాలు కూర్చుని రికార్డు చేసింది ఆవిడే. గొంతు బొంగురుపోయి వారం రోజులు ఇంట్లో సైగలతో కాపురం చేసింది.

ఎవరి ఫోన్ నంబరు వాళ్లకే పాస్‌వర్డుగా పెట్టి ఇచ్చి, మార్చుకోండి బాబూ అని ఒక్కొక్కరి వెంటా పడింది కూడా. ఒక్కరూ మార్చుకోలేదు. ఊరందరి ఇళ్లకీ బీరువాలకీ తాళాలు అమ్మి బతికేవాళ్లకి తమ సందేశాల పెట్టెలకి తాళం వేసుకోవాలన్న ధ్యాస ఎక్కడుంటుంది!

రోజూ ఎనిమిదింటికే వస్తుంది. నీళ్లు ఎన్నింటికి ఆగుతాయో, లిఫ్టు పనిచేస్తుందో లేదో, ఏ గదికి రంగులు వేస్తున్నారో నాలుగు ముక్కల్లో రికార్డు చేసి హ్యాష్ నొక్కి, తొంభైతొమ్మిది నొక్కి, మళ్లీ హ్యాష్ నొక్కుతుంది. తొంభైతొమ్మిది అంటే అందరూ అని అర్థం. ముప్పై ఒక్క పెట్టెల్లో ఆ సందేశం ఒకేసారి పడుతుంది, ముప్పై ఒక్క ఫోన్ల మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ బటన్లవైపు చూడటం కూడా మానేసింది.

ఆ ఉదయం ఆవిడ మనసు మనసులో లేదు. ఊరికి ఆ చివర కంపెనీ కొత్త శాఖ తెరుస్తోంది. అక్కడ ఏడుగురు కూర్చునే ఫోన్ల విభాగానికి ఒక పెద్ద కావాలి. ఆ కుర్చీ ఆపరేటరమ్మదేనని కాపలావాడి దగ్గర్నుంచి అందరూ అనుకున్నారు. ఆవిడా అనుకుంది. అనుకోవడమేమిటి, ఆ ఏడుగురికీ ఏమేం నేర్పాలో ఓ నోటుపుస్తకం నిండా రాసుకుంది. తీరా నిన్న సాయంత్రం మేనేజరు పిలిచి, అమ్మకాల విభాగంలో రెండేళ్ల కిందట చేరిన పొడుగమ్మాయికి ఇస్తున్నామని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలోకి చూడలేదు. ఫోన్ కాసేపు ఆపి ఉంచాలంటే ఏ బటన్ నొక్కాలో ఆ పొడుగమ్మాయికి నేర్పింది ఈవిడే.

ఇంటికి వెళ్లి భోరుమంది. భర్త కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు, అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, ఆ మేనేజరుకి కళ్లు లేవన్నాడు, ఏ నంబరు అద్దాలు పెట్టినా ఆ గుడ్డితనం పోదన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకి. తర్వాత పాలు తెస్తానని బయటికి వెళ్లాడు. బయట ఎవరు కాలదన్నినా ఇంట్లో నావాడంటూ ఒకడున్నాడు కదా అని ఆవిడ కళ్లు తుడుచుకుని లేచి పొయ్యి వెలిగించింది.

పొద్దున్న కుర్చీలో కూర్చోగానే ఆ ఉక్రోషం మళ్లీ పొంగింది. హాలంతా ఖాళీ. ప్యాకింగ్ విభాగం పెద్దావిడ పెట్టె నంబరు పంతొమ్మిది. ఆపరేటరమ్మ ఆవిణ్ణి అక్కా అని పిలుస్తుంది, కష్టం వచ్చినా సుఖం వచ్చినా ముందు ఆ పెట్టెలోనే చెప్పుకుంటుంది. రిసీవర్ తీసి కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కింది.

"అక్కా, చేసేశాడు. పద్దెనిమిదేళ్లు ఎదురుగా కూర్చున్నా కనబడని గుడ్డి మనిషి ఆయన. మా ఆయన అన్నట్టు, ఏ నంబరు అద్దాలు పెట్టినా ఆ గుడ్డితనం పోదు. నిన్న నా మొహం చూసి చెప్పే ధైర్యం కూడా లేదక్కా. పిరికి మనిషి."

హ్యాష్ నొక్కింది. వేళ్లు వాటి దారిన అవి వెళ్లి పంతొమ్మిదికి బదులు తొంభైతొమ్మిది నొక్కి, మళ్లీ హ్యాష్ నొక్కాయి. "మీ సందేశం పంపబడింది" అంది ఆవిడ గొంతే, చల్లగా.

తలెత్తి చూసింది. హాల్లో ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ఖాళీ టేబుళ్ల మీద, గాజు గది లోపల మేనేజరు టేబుల్ మీద కూడా, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపు చేతిలో రిసీవర్ ఉన్న సంగతి కూడా తెలియలేదు. కొత్త కుర్చీ ఎలాగూ పోయింది, ఇప్పుడు ఈ కుర్చీకి కూడా నీళ్లొదులుకున్నట్టే. పంపిన సందేశాన్ని వెనక్కి లాక్కునే బటన్ ఆ మెషీన్లో లేదు. ఉందా అని అడిగినవాళ్లందరికీ, ఆలోచించుకుని మాట్లాడండి అని నీతులు చెప్పింది కూడా తానే.

గోడ గడియారం ఎనిమిదీ పన్నెండు. తొమ్మిదింటికి జనం వస్తారు. అప్పుడు తోచింది ఆవిడకి, ముప్పై ఒక్క పెట్టెల తాళాలూ తన వేళ్ల కొసల్లోనే ఉన్నాయని. ఒకరి పెట్టె ఒకరు తెరవడం ఎంత తప్పో ఆ ఆఫీసులో ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా సిగ్గు చంపుకుని మొదలుపెట్టింది. ఎవరు ముందొస్తారో వాళ్లది ముందు. గోదాము వాళ్లు ఎనిమిదిన్నరకి, డ్రాయింగు వాళ్లు ముప్పావుకి, అమ్మకాల వాళ్లు తొమ్మిదికి. మేనేజరు తొమ్మిదింపావుకి ముందు ఏనాడూ రాడు కాబట్టి ఆయనది ఆఖరు. అక్క పెట్టె జోలికి వెళ్లనక్కర్లేదు, అది చేరాల్సిన చోటే.

పెట్టె నంబరు, పాస్‌వర్డు, ఒకటి, మూడు. మళ్లీ పెట్టె నంబరు, పాస్‌వర్డు, ఒకటి, మూడు. ఒక్కో టేబుల్ మీద ఒక్కో లైటు ఆరుతోంది. ఎవరి పెట్టెలోనైనా తనదానికంటే ముందు వేరే సందేశం ఉంటే, చెవికి రిసీవర్ దూరంగా పట్టుకుని దాటించేసింది. పదో పెట్టెకల్లా వేళ్లు వేగం అందుకున్నాయి. మధ్యలో ప్యాకింగ్ అక్క ఫోన్ చేసి, విన్నానే, మీ ఆయన మాట అక్షరాలా నిజం, అలాంటి మొగుడున్నందుకు సంతోషించు, మిగతాది వదిలెయ్ అంది. సంతోషిస్తాలే అక్కా అని ఈవిడ ఇంకో లైటు ఆర్పింది.

తొమ్మిదీ నాలుగుకి హాలు సగం నిండింది. మేనేజరు గదిలో తప్ప ఎవరి టేబుల్ మీదా ఎర్ర లైటు లేదు. పొడుగమ్మాయి వస్తూ వస్తూ నవ్వింది, ఈవిడా నవ్వింది. ఆపరేటరు చెవికి రిసీవర్ ఆనించుకుని కూర్చుంటే అనుమానించేవాడెవడు. మిగిలింది ఒక్క పదకొండో నంబరు, మేనేజరుది. నొక్కింది.

"మీకు రెండు కొత్త సందేశాలు ఉన్నాయి" అంది ఆవిడ గొంతు. రెండా? ముందువచ్చింది ముందు వినిపించడం ఆ మెషీన్ పద్ధతి. "నిన్న. సాయంత్రం. ఏడు గంటల. ఇరవై. నిమిషాలు." దాటించడానికి వేలు హ్యాష్ మీద పెట్టింది. నొక్కలేదు. నొక్కే లోపలే ఆ గొంతు మొదలైంది.

"నమస్కారమండీ. ఆపరేటరు గారి ఇంటాయన్ని. మాట నిలబెట్టుకున్నందుకు చాలా థాంక్సండీ. ఇంటికొచ్చి బాగా ఏడ్చింది. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది లెండి, తన సంగతి నాకు తెలుసు. నేను ఫోన్ చేసినట్టు మాత్రం తనకి తెలియనివ్వకండి. తను మిమ్మల్ని ఓ మాట అన్నా ఏమీ అనుకోకండి, నేనూ తన ముందు మిమ్మల్ని కాస్త తిట్టాల్సొచ్చింది. ఉంటానండీ."

ఆవిడ కదల్లేదు. ఎదురుగా ఎవరో తలుపు తీశారు, ఎవరో నవ్వారు, బోర్డు మీద ఏదో ఫోన్ మోగింది. అవన్నీ దూరంగా ఎక్కడో జరుగుతున్నాయి. నిన్న ఏడూ ఇరవైకి తాను ఏం చేస్తోందో గుర్తు తెచ్చుకుంది. పొయ్యి దగ్గర నిలబడి, పాలకి వెళ్లిన మనిషి ఇంకా రాలేదేమని చూస్తోంది. వీపు నిమిరిన చేతి వెచ్చదనం ఆరకముందే వెళ్లి ఈ నంబరుకి ఫోన్ చేశాడు. ఆఫీసు మూసేశాక ఫోన్ చేస్తే మేనేజరు కోసం పదకొండు నొక్కమని చెప్పేది కూడా తన గొంతే. తానే దారి చెప్పింది, ఆయన నొక్కాడు.

కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. గుడ్డి మనిషి, పిరికి మనిషి అని పొద్దున్న తాను అన్న మాటలు చెవుల్లో తిరుగుతున్నాయి. అవి ఎవరు నేర్పి పంపిన మాటలో, ఎవరి మీద పడాల్సినవో ఇప్పుడు తెలుస్తోంది. పద్దెనిమిదేళ్లు ఊరందరి గొంతులూ విని ఎవరు అబద్ధమాడుతున్నారో పట్టేసే మనిషి, ఇంట్లో గొంతు పట్టుకోలేకపోయింది.

"దాచుకోవడానికి రెండు, తుడిచేయడానికి మూడు" అని ఆవిడ గొంతు మూడోసారి అడుగుతుండగా మేనేజరు వచ్చాడు. రోజూ లోపలికి వెళ్లే ముందు ఆవిడ టేబుల్ దగ్గర ఆగి, ఏమైనా కబుర్లున్నాయా అని అడుగుతాడు. అలాగే అడిగాడు.

ఆవిడ రెండు నొక్కింది. తర్వాత ఫోన్ తన వెనకున్న చిన్న స్టోరు గదిలోకి తీసుకెళ్లి, ఆయన్ని లోపలికి రమ్మంది. స్పీకరు బటన్ నొక్కి మొదటి సందేశం మళ్లీ వినిపించింది. మేనేజరు ముఖం నల్లబడింది. అది అయ్యాక ఆపేసి, రెండోది తర్వాత తుడిచేయొచ్చు. ఆపితే ఆయనకి ఇంకేమీ తెలియదు, తన ఉద్యోగం తనకుంటుంది. వేలు స్పీకరు బటన్ మీదికి వెళ్లింది. కానీ పొద్దుట్నుంచీ దాచడమే సరిపోయింది, ఇంకొకళ్లు దాచింది విన్నాక ఇక ఒంట్లో ఓపిక లేదు.

"రెండోది నాది సార్. అదీ వినండి" అంది.

గుడ్డి మనిషి నుంచి పిరికి మనిషి దాకా ఆయన నిలబడే విన్నాడు. ఇది తొంభైతొమ్మిదికి వెళ్లిందనీ, అందరి పెట్టెలూ తెరిచి తుడిచేశాననీ ఆవిడే చెప్పింది. అప్పుడు మేనేజరు, ఆవిడ భర్త నెల కిందట ఫోన్ చేశాడని చెప్పాడు. ఆవిడ ఒంట్లో అస్సలు బాగోదని, పెద్ద పని తట్టుకోలేదని, ఆశ కొద్దీ ఆ సంగతి నోరు తెరిచి ఒప్పుకోదని అన్నాడట.

"పద్దెనిమిదేళ్లలో నేను ఒంట్లో బాగోక మానేసిన రోజులెన్ని సార్?"

"ఆరు" అన్నాడు మేనేజరు. ఆయనకి ఆ లెక్క గుర్తుండటం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది.

"నా టేబుల్‌కీ మీ గదికీ ముప్పై అడుగులు. నన్నొక్కసారి అడిగుంటే పోయేది కదా."

ఆయన, ఆ కుర్చీ ఉత్తర్వు మీద ఇంకా సంతకం పెట్టలేదని, పదింటికి పొడుగమ్మాయితోనూ ఈవిడతోనూ మాట్లాడి తేలుస్తానని చెప్పి వెళ్లిపోయాడు. పెట్టెలు తెరిచిన సంగతి మాత్రం ఆవిడే అందరికీ చెప్పుకోవాలన్నాడు. అది న్యాయమే అనిపించింది ఆవిడకి.

పదింటికి ఇంకా పది నిమిషాలుంది. పదికి షాపు తెరిచి భర్త రోజూ ఫోన్ చేస్తాడు, టిఫిన్ తిన్నావా అని. ఇరుగుపొరుగు చెప్పుకుని మురిసిపోయే ఫోను అది. ఆవిడ తన పెట్టె తెరిచి, తాను లేనప్పుడు పలికే మాటలు పద్దెనిమిదేళ్లలో మొదటిసారి చెరిపేసి కొత్తవి రికార్డు చేసింది. గొంతు ఎప్పటిలాగే చల్లగా వచ్చింది. అంత చల్లగా ఎలా వచ్చిందా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది. తర్వాత నోటుపుస్తకం తీసుకుని మేనేజరు గదిలోకి నడిచింది.

గంటకి గాని బయటికి రాలేదు. మూడు నెలలు చూస్తాం, సరిపోతే కుర్చీ మీదే, లేకపోతే పొడుగమ్మాయిది అన్నారు. అదేమీ పెద్ద వరం కాదు, కానీ అడిగి ఇచ్చారు, ఆవిడ తన నోటితో ఒప్పుకుంది. కుర్చీలో కూర్చుంటుంటే తన ఫోన్ మీద ఎర్ర లైటు కనిపించింది.

ఒకటి నొక్కింది. "ఈరోజు. ఉదయం. పది గంటల. రెండు. నిమిషాలు."

ఆయన విని ఉంటాడు, ముందుగా ఆవిడ గొంతు ఏం చెప్పిందో: "నేను ప్రస్తుతం మేనేజరు గదిలో నా ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాను. నిన్న సాయంత్రం ఏడూ ఇరవైకి పదకొండో నంబరుకి చెప్పిన సంగతి నేను విన్నాను. నాకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే, బీప్ తర్వాత నాకే చెప్పండి."

బీప్ తర్వాత షాపు తలుపు గంట ఒకసారి మోగింది. ఎవరో అద్దాల ఖరీదు అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. దగ్గరగా ఊపిరి వినిపించింది, గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. పదకొండు సెకన్లు. ఒక్క మాట లేదు. ఫోన్ పెట్టేశాడు.

"దాచుకోవడానికి రెండు, తుడిచేయడానికి మూడు" అంది ఆవిడ గొంతు.

ఆవిడ మళ్లీ విన్నది, ఇంకోసారి విన్నది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన తనతో అబద్ధం చెప్పలేకపోయిన పదకొండు సెకన్లు ఇవేనేమో అనుకుంది. రెండు నొక్కింది.