మోటబావి మీద ఇటలీ యంత్రం

అంకమ్మరావు మిరపకాయల ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కాయల్ని ఆవిరితో శుద్ధి చేసే యంత్రం దిగింది. దాన్ని నిలబెట్టే పని మీద సైటు ఇంజనీరుగా వచ్చింది బిందుమాధవి. ఆమె యలమందయ్య కూతురని అంకమ్మరావుకు తెలియదు. ఆమె చిన్నప్పుడు ఈయన హద్దురాళ్ళు జరిపించి, అడ్డం వచ్చిన యలమందయ్యను నలుగురిలో చెప్పుతో కొట్టించి, చేను కలిపేసుకున్నాడు. యలమందయ్య చీరాల వెళ్ళి బట్టల మూటలు మోస్తూ అక్కడే పోయాడు. ఆ చేలోనే ఇప్పుడు ఫ్యాక్టరీ.

యంత్రం మూడంతస్తుల ఎత్తు. యంత్రం కంపెనీ వాళ్ళు నేల పరీక్ష అడిగితే, ఖర్చు దండగని అంకమ్మరావు ఇంకెవరి స్థలానిదో రిపోర్టు పంపేశాడు. తీరా పునాదికి గొయ్యి తీస్తుంటే నల్లరేగడి కింద గుండ్రటి రాతి వరస బయటపడింది. యలమందయ్య తవ్వించిన మోటబావి అది. అంకమ్మరావే పూడ్పించాడు. గునపం వేస్తే సగం దాకా దిగిపోతోంది. బావి అక్కడుందని బిందుమాధవికి ముందే తెలుసు. గొయ్యి తీసేదాకా నోరు విప్పలేదు.

ఇంకో నాలుగు లారీల కాంక్రీటు పోయిస్తానన్నాడు అంకమ్మరావు. ఇటలీ ఇంజనీరు మార్కో ఒప్పుకోలేదు. లోతుగా కాంక్రీటు స్తంభాలు దింపుదామంటే ఆ మిషను వచ్చేసరికి సీజను దాటిపోతుంది, సరుకు పంపుతానని అంకమ్మరావు విదేశాలకు మాటిచ్చి ఉన్నాడు. చివరికి మార్కోనే దారి చూపాడు. గట్టి నేల దొరికితే యంత్రం కాళ్ళు కోసి, గొట్టాలు మళ్ళించి అక్కడే బిగిస్తానన్నాడు. నేల వెతికే పని బిందుమాధవికి అప్పజెప్పాడు.

ఆవరణంతా నేల చూసే బోర్లు వేయించింది. గట్టి గ్రావెల్ రెండు చోట్ల తగిలింది. ఒకటి లారీలు తూచే కాటా పక్కన ఖాళీ జాగా. రెండోది అదే ఆవరణలో అంకమ్మరావు కొత్తగా కట్టుకున్న ఇంటి కింద మెరక. ఆమె రెండోదే చెప్పింది.

"ఇంకోసారి చూడు తల్లీ. మా ఆవిడ పాలు పొంగించి నెల కాలేదు," అన్నాడు అంకమ్మరావు.

"చూశానండి. ఇంకెక్కడా లేదు."

ఇల్లు పడగొడుతుంటే పొద్దుటి నుంచీ అక్కడే నిలబడింది. అంకమ్మరావు భార్య కోటేశ్వరి దేవుడి పటాలు చాటలో పెట్టుకుని బయటికి తెచ్చి, గడప పగలకుండా తీయించమని బిందుమాధవినే బతిమాలింది. ఆమె దగ్గరుండి తీయించింది. స్లాబు కూలాక, దుమ్ములో నిలబడ్డ అంకమ్మరావు మాటవరసకి అడిగాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"ఈ ఊరేనండి. యలమందయ్యగారి అమ్మాయిని."

అతను పని ఆపమని చెయ్యెత్తి, ఆపడానికి ఏమీ మిగల్లేదని చూసి దించేశాడు.

యంత్రం నిలబడింది, నడిచింది. వెళ్ళేముందు మురుగు కాలువ తవ్విస్తూ మార్కో కాటా దగ్గర గ్రావెల్ చూశాడు. ఇది నీకు తెలుసా అని అడిగాడు. తెలుసంది. అతను తర్వాతి సైటుకి ఆమె బదులు వేరే ఇంజనీరుని అడుగుతానని చెప్పాడు.

ఒంగోలు బస్సులో ఆ మాట తలుచుకుంటే బిందుమాధవికి బాధేసింది. కోటేశ్వరి చేతిలోని చాట గుర్తొచ్చినప్పుడు ఇంకా బాధేసింది. అంకమ్మరావు దించేసిన చెయ్యి గుర్తొస్తే మాత్రం, మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకుంది.