ఆరో వరుస అంకెలు

రాబర్ట్‌సన్‌పేట సందులో సునీల్‌కుమార్ కంప్యూటర్ రిపేరు అంగడి. గంగప్ప, నారాయణమ్మ తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు.

వాళ్ల కూతురు నాగరత్న పోయి నాలుగు నెలలయింది. బూదికోటలో పిల్లలకు పాఠాలు చెప్పేది. బడికి రాలేని పిల్లల కోసం ఆ పాఠాలను తన గొంతుతో ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టేది. ఆసుపత్రి గందరగోళంలో ఆమె ఫోను ఎక్కడో పోయింది. ఇక ఆ బిడ్డ గొంతు మిగిలింది ల్యాప్‌టాప్‌లోనే. పోయిన వారం కరెంటు ఎక్కువై అదీ కాలింది.

"బోర్డు పోయింది పెద్దాయనా. డిస్కు మాత్రం బాగుండాది," అన్నాడు సునీల్‌కుమార్. డిస్కును ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించాడు. "అయితే దీనికి బీగం వేసుండాది. పాత బోర్డుంటే దానంతట అదే తెరుచుకునేది. ఇప్పుడు నలభై ఎనిమిది అంకెలు అడగతా ఉండాది. పాప మెయిల్లో ఉంటాయి, పాస్‌వర్డు తెలుసునా?"

"తెలీదప్పా. అంకెలుండాయి."

గంగప్ప చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ల్యాప్‌టాప్ కొన్న రోజు నాగరత్న తెర మీద చూసి చదువుతుంటే ఆయనే రాశాడు. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలు. మా నాయన రాత అచ్చేసినట్టుంది అని మురిసిపోయింది ఆ పిల్ల.

సునీల్‌కుమార్ కొట్టుకుంటూ పోయాడు. ఐదు వరుసలు దాటాయి. ఆరోది ఎర్రగా మారింది.

"ఈ వరుస తప్పు. ఏ వరుసైనా పదకొండుతో భాగిస్తే శేషం మిగలకూడదు. ఇది మిగలతా ఉండాది. చెయ్యి జారిందేమో చూడు పెద్దాయనా."

"ఈయప్పకు చెయ్యి జారడమా?" అంది నారాయణమ్మ. "అంగడి చీటీ రాసినా ఉప్పు కింద గీత కొడతాడు. జారేది లేదు ఒలికేది లేదు. నోరే కదా తెరవడు."

గంగప్ప ఆరో వరుస చూస్తూ ఉండిపోయాడు. 416829.

"ఊహించి కొట్టేదానికి వేలకు వేలుంటాయి," అన్నాడు సునీల్‌కుమార్. "గుర్తు చేసుకుంటే మేలు."

"చెయ్యి జారలేదప్పా. నేనే మార్చినాను."

నారాయణమ్మ గిరుక్కున తిరిగింది. "ఏం మార్చినావు?"

"పాప చదవతా చదవతా మా హనుమప్ప నంబరు చెప్పింది."

హనుమప్ప ఆయన తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు గనిలో చేరారు. నంబరు టోకెన్ల కోసం వరుసలో నిలబడితే ఇద్దరి నడుమ నలుగురున్నారు. చేరిన ఏడేళ్లకు లోపల రాయి పేలి తమ్ముడు పైకి రాలేదు. గనిలో పోయినవాడి టోకెన్ నంబరును వాళ్లుండే గని కూలీల ఇళ్ల లైన్లలో ఆ ఇంటివాళ్లు కీడని మళ్లీ పలికేవాళ్లు కాదు, రాసేవాళ్లు కాదు. ముప్పై ఏళ్లుగా ఆ నాలుగంకెలు గంగప్ప నోట రాలేదు.

"బిడ్డ సామానుకు ఆ నంబరు బీగంగా ఉండకూడదనిపించింది," అన్నాడు నేల చూస్తూ. "దాన్ని తీసి నా నంబరు పెట్టినాను. వచ్చేది ఏదైనా ఉంటే నా మీదికి రానీ అని."

"వచ్చిందా నీ మీదికి?" అంది నారాయణమ్మ.

సునీల్‌కుమార్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

"ఆ నంబరు చెప్పు పెద్దాయనా. మెల్లగా చెప్పినా చాలు."

గంగప్ప పెన్ను అడిగి తీసుకున్నాడు. కాగితం మీద ఆనించి, రాయలేక తిరిగి ఇచ్చేశాడు. గొంతు సవరించుకుని, ఒకప్పుడు గని షాఫ్టు దగ్గర గుమాస్తా నంబర్లు పిలిచినట్టే ఇంగ్లీషులో చెప్పాడు.

"ఫోర్... వన్... సెవెన్... త్రీ. ఇంగ చివర రెండూ తొమ్మిదీ, అవి మార్చలేదు."

మిగతా వరుసలూ కొట్టాక బీగం తెరుచుకుంది. లోపల పాఠాల ఫైళ్లు బారుగా ఉన్నాయి. సునీల్‌కుమార్ మొదటిది నొక్కాడు.

"మక్కళే," అని పిల్లల్ని పిలిచింది నాగరత్న. వాన ఎట్లా కురుస్తుందో కన్నడంలో చెప్పడం మొదలుపెట్టింది. నారాయణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పాఠం మధ్యలో చిన్న దగ్గు. పొడిగా, ఒక్కటే. నాగరత్న ఆగి మళ్లీ అందుకుంది. మబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఇంకోసారి దగ్గింది.

గంగప్ప ముందుకు వంగాడు. లైన్లలో ఉన్నన్నాళ్లూ గోడ అవతల దగ్గు విని, ఆ మనిషి వచ్చే వానాకాలం చూస్తాడో లేదో చెప్పినవాడు ఆయన.

"ఇది ఎప్పటిదప్పా?"

సునీల్‌కుమార్ తెర మీద తేదీ చూశాడు. "రెండేళ్లయింది."

నాగరత్నను దగ్గుతో చేర్చిన రోజు తమక ఊరి ఆసుపత్రిలో డాక్టరు, ఇది ఎన్నాళ్లుగా ఉంది అని అడిగినప్పుడు గంగప్ప రెండు నెలలని చెప్పాడు.

"ఇంకోటి పెట్టప్పా," అంది నారాయణమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఇంకోటి మొదలైంది. నారాయణమ్మ కూతురి మాటలు వింటోంది. గంగప్ప మాటకూ మాటకూ నడుమ దగ్గు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.