మూరెడు జూనిపర్

సుభాన్ పదకొండేళ్ల తోటపని పోయింది మూరెడు చెట్టు మూలంగా. 1938 నాటి చలికాలం అది.

పెనుకొండ బంగళా అమ్మేసి వెళ్లిపోతూ దొర జూనిపర్ అనే ఒక జపాను మరుగుజ్జు చెట్టును దాని పళ్లెంలాంటి కుండీతో సహా వదిలిపోయాడు. ముప్పై ఏళ్ల చెట్టు, ఎత్తు మూరెడే. బతికుందో లేదో రంగు చూసి చెప్పలేమని, చచ్చాక కూడా నెల దాకా పచ్చగానే ఉంటుందని, గోటితో బెరడు గీరి చూడాలని సుభాన్‌కు నేర్పింది ఆ దొరే. బంగళా కొన్న శెనక్కాయల మిల్లు యజమాని భార్య నీలావతమ్మకు ఈ గొడవలేమీ పట్టవు. వచ్చినవాళ్లకు చూపించి మురవడమే ఆమె పని. పుష్యమాసం చలికి ఆకంతా తుప్పురంగు తిరిగింది.

"నీళ్లు పొయ్యకుండా చంపేసినావు గదప్పా!"

"సావలేదమ్మా. సలికాలం ఎప్పుడూ ఇంతే. ఉగాదికి పచ్చబడతాది." కొమ్మ గీరి లోపలి పచ్చదనం చూపించబోయాడు. ఆ మహాతల్లి చూస్తేగా! ఆ పూటే పొమ్మంది.

అతని చోట ఓబుళప్ప చేరాడు. చెట్ల సంగతి ఓనమాలు రావు గానీ మాట మహా తీపి. మూడు పూటలా కుండీ నిండా నీళ్లు కుమ్మరించాడు. ఉగాదికి చలి పోయి చెట్టు తనంతట తానే పచ్చబడింది. పేరు ఓబుళప్పకు, కొత్త పంచె కూడా ఓబుళప్పకే. పరిగి దారిలో కంకర కొడుతున్న సుభాన్ ఆ సంగతి విన్న రోజు సద్ది మూట విప్పనే లేదు.

వైశాఖంలో ఓబుళప్ప నీలావతమ్మ సిఫారసుతోనే హిందూపురంలో పెద్ద ఇంట్లో కుదిరాడు. సుభాన్‌కు బంగళా నుంచి కబురొచ్చింది.

"ఓబుళప్ప బతికిచ్చిన చెట్టు. ఎంత కళగా ఉండాదో చూడు. ఈసారన్నా బాగా చూసుకుంటావా?"

సుభాన్ కుండీ దగ్గర కూర్చున్నాడు. పైకి పచ్చగానే ఉంది. మట్టి కుళ్లు వాసన కొడుతోంది. కొమ్మ గీరాడు. లోపల ఎండుకట్టె. ఇంకో కొమ్మ గీరాడు, అదీ అంతే. నెల తిరక్కముందే ఎండుతుంది, అదీ తన చేతికిందే. ఈసారి ఊరంతా అతన్నే అంటుంది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడు చెప్పింది మాత్రం నిజం కాదా, ఎవరు విన్నారు? ఇంట్లో భార్య ఖైరున్‌బీ పది రోజులుగా గంజే కాస్తోంది. నెల పని దొరికితే నెల తిండి.

"ఏమప్పా, ఎప్పుడొస్తావు?"

"ఈ పొద్దే వస్తానమ్మా," అన్నాడు సుభాన్. చెంబు ముంచి, చచ్చిన చెట్టుకు నీళ్లు పోశాడు.