మిద్దె మీద చువ్వలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఇల్లయితే కట్టాం. పెళ్ళి మాటలు నడుస్తుండగానే మా అబ్బాయి రాకాన్ ఎడారి రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. పైన వాడి వాటా కోసం వదిలిన నాలుగు స్తంభాల మొదళ్ళు, వాటిలోంచి మనిషెత్తు లేచిన ఇనప చువ్వలు మాత్రం మిద్దె మీద అలాగే ఉండిపోయాయి. మా ఊరు ఇర్బిద్‌లో ఎవరి మిద్దె మీద చువ్వలు కనిపించినా, ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన కొడుకున్నాడనే అనుకుంటారు.

వాడు పోయిన మరుసటి చలికాలం హాల్లో కప్పు కారడం మొదలుపెట్టింది. పెచ్చులూడి భోజనం పళ్ళేల్లో పడుతున్నాయి. ఇల్లంతా బాగుచేయిద్దామన్నాను. కాంట్రాక్టర్ని పెడదామన్నాడు మా ఆయన ముఫ్లిహ్.

"ఎందుకూ? పనివాళ్ళ మీద కేకలెయ్యడానికేగా? ఆ పని నాకంటే బాగా ఎవడు చేస్తాడు?"

"అదీ నిజమేలే. ఇన్నేళ్ళుగా వింటున్నవాణ్ణి, నాకు తెలీదా," అన్నాడు.

అసలు సంగతి ఆయనకు చెప్పలేదు. నాకు ఇంట్లో చప్పుడు కావాలి. సుత్తి దెబ్బలు, తగువులు, పదిమందికి టీలు పెట్టడం. ఊరికే కూర్చుంటే నా కొడుకు గుర్తొస్తాడు.

పైపుల పనికి మా వీధి జిర్యిస్‌ని పిలిచాను. పూతకీ, మిద్దె పనికీ శెహాతా అనే ఈజిప్టు మేస్త్రీని కుదుర్చుకున్నాను. అతను ఊరికి కొత్త. కారేది ఎక్కడో తేలకముందే హాలుకి పూత పూయించి, రంగు కూడా వేయించేశాను. తొందర నాదే. మొదటి వానకే కొత్త రంగు మీద మళ్ళీ మచ్చ తేలింది.

"నా పైపులు బంగారం, రాకాన్ వాళ్ళమ్మా! ఈ మేస్త్రీ పూతే అట్టముక్క," అన్నాడు జిర్యిస్.

"నా పూత మీద గేదెల్ని కడిగినా చుక్క దిగదు. నీ పైపులే జల్లెళ్ళు," అన్నాడు శెహాతా.

కొడుకు పేరు పెట్టి తల్లిని పిలవడం మా దగ్గర మర్యాద. కొడుకు పోయినా ఆ పిలుపు పోదు. ఇద్దరూ పోటీపడి రోజంతా అలాగే పిలుస్తుంటే, పళ్ళబిగువున పలికేదాన్ని.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. పదండి పైకి," అని ఇద్దర్నీ మిద్దెక్కించాను. గొట్టంతో నేలంతా తడిపాం. కింద చుక్క పడలేదు. చువ్వల మొదళ్ళలో పోశాం. కాసేపటికి కిందినుంచి మా ఆయన కేకేశాడు, కారుతోందని.

శెహాతా గొంతుక్కూర్చుని చువ్వ గీరాడు. గోధుమరంగు పొడి రాలింది.

"తుప్పు వెంట నీళ్ళు స్తంభంలోకి దిగుతున్నాయమ్మా. కోసేసి సిమెంటు కప్పెయ్యాలి. లేకపోతే మెల్లగా ఇల్లే తినేస్తుంది. అయినా, పై వాటా ఎప్పుడు లేపుతున్నారేంటి?"

జిర్యిస్ అతని కాలు తొక్కాడు.

"లేపం. కోసెయ్," అన్నాను.

మధ్యాహ్నం ఆ మాట చెబితే మా ఆయన చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"ఏటా వాటికి ఎర్రరంగు పూస్తూనే ఉన్నాగా."

"రంగు పూస్తే వాన ఆగుతుందా?"

"వాన కోసమా నేను పూసేది?" అన్నాడు. చువ్వలు కోసేరోజు ఉదయాన్నే వాళ్ళ అక్కగారింటికి వెళ్ళిపోయాడు.

కోతమిషన్ మొదలైంది. నిప్పురవ్వలు లేచాయి. చువ్వలు ఒక్కొక్కటీ ఖణేల్మని పడ్డాయి. అటు పేర్చు, ఇటు జరుపు అని అరుస్తూనే ఉన్నాను. మూడు స్తంభాలయ్యాయి. నాలుగోదాని దగ్గర శెహాతా మిషన్ ఆపాడు.

"ఈ బట్టల తాడు విప్పండమ్మా."

ఆ చువ్వకీ పిట్టగోడ కొక్కేనికీ నీలం నైలాన్ తాడు కట్టింది రాకాన్. దుప్పట్లు మోసుకుని పెరట్లోకి దిగలేకపోతున్నానని, ఒకరోజు వాడే పైకొచ్చి కట్టాడు. "ఇప్పటికి దీనిమీద ఆరేసుకోవే అమ్మా. నా పెళ్ళయ్యాక ఇక్కడ వరండా వస్తుంది, నీ తాడు నేను పీకి పారేస్తా," అని నవ్వాడు.

ముడి విప్పబోయాను. ఎండకీ వానకీ బిగుసుకుపోయింది. గోరు విరిగింది, ముడి కదల్లేదు. పళ్ళతో లాగాను.

"ఉండండమ్మా, కోసేస్తా," అని శెహాతా కత్తి తీశాడు.

"ముట్టుకోకు!"

వాడి శవం దగ్గర ఏడవనిదాన్ని, ఆ ముడి పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. కళ్ళు తుడుచుకునేసరికి శెహాతా పిట్టగోడవైపు తిరిగి నిలబడున్నాడు.

"ఇది వదిలెయ్," అన్నాను.

"కారుతుందమ్మా."

"కారనీ."

సాయంత్రం మా ఆయన వచ్చి మిద్దెక్కాడు. సిమెంటు కప్పేసిన మూడు మొదళ్ళు చూశాడు, నాలుగో స్తంభానికి మిగిలిన చువ్వలు చూశాడు. కిందికెళ్ళి ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చుకున్నాడు. నేను తాడు పక్కకి పట్టుకుంటే, ముడికి అంటకుండా పూశాడు.

హాల్లో మిగతా కప్పంతా ఇప్పుడు పొడిగానే ఉంది. ఆ మూల మాత్రం వానొస్తే సత్తుగిన్నె పెడతాం. మొన్న చూడ్డానికొచ్చిన చిన్న ఆడపడుచు గిన్నెవంక చూసి పెదవి విరిచింది.

"అన్నయ్య చెబితే విన్నావా వదినా? అదే కాంట్రాక్టరైతే పని ఇలా సగంలో వదిలేవాడా?"

"వదిలేవాడు కాదు," అన్నాను. "వాడి కొడుకు కాదుగా."