చెరువు గట్టు తాళంచెవి

ఎలీయాజరు ఐసు దిమ్మకి కొక్కెం తగిలించి బల్ల మీదకి లాగాడు. భుజం మీది తడి గోనెపట్టా సర్దుకుని, కొక్కెం వెనక్కి తిప్పి దిమ్మని రెండుసార్లు తట్టి విన్నాడు. లోపల బోలుగా ఉంటే మోత మారుతుంది. కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లుగా పనిచేస్తున్నా, తట్టి చూడకుండా ఒక్క దిమ్మనీ ముక్కలు చేసే మిషన్లో వెయ్యడు. పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనీ! అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఎలీయాజరుకి అది ఇంట్లో మనిషే.

అరవై మూడేళ్లు. అరచేతులు నానిపోయి తెల్లగా ముడతలు పడ్డాయి, చూపుడువేలి కొసన స్పర్శ ఏనాడో పోయింది. పదింటికి చేతులు తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కోర్టుకి బయల్దేరాడు. ఇవాళ వాయిదా.

ఏడేళ్ల దావా అది. పాత సమాధుల దొడ్డికి దారి భాస్కరరావు చేపల చెరువు గట్టు మీదుగా పోతుంది. చేపల దొంగలు పడుతున్నారని భాస్కరరావు గట్టుకి ఇనపగేటు పెట్టి తాళం వేశాడు. చర్చివాళ్లు రోడ్డు పక్కన కొత్త స్థలం చూసుకున్నారు. పాత దొడ్డిలో ఆఖరున పూడ్చింది ఎలీయాజరు భార్య అచ్చమ్మని. ఆమె దగ్గరికి ఎవరినీ అడక్కుండా వెళ్లే హక్కు కావాలి. అంతే అతని దావా.

దావా పడ్డ వారానికే భాస్కరరావు ఫ్యాక్టరీకి వచ్చాడు.

"గేటు స్తంభానికి మేకు కొట్టి తాళంచెవి తగిలించానయ్యా ఎలీయాజరూ. దొంగల కోసం పైన కెమెరా ఉందిలే. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుని వెళ్లు."

"అలాగేనండీ," అన్నాడు ఎలీయాజరు. నమ్మితే గదా!

"ఆ తాళంచెవి ముట్టుకుంటే అది ఆయన దయ అయిపోతుందండీ, మన హక్కు నీరుగారిపోతుంది," అంది ప్లీడరు ప్రసన్నలక్ష్మి. ఆవిడ చెప్పింది అదొక్కటే. మిగతావన్నీ ఎలీయాజరు తనే కలుపుకున్నాడు. స్తంభం మీద కెమెరా పెట్టింది తను చెవి తీస్తే ఫొటో పట్టి కోర్టులో చూపడానికే. అసలా చెవి ఆ తాళానిది కాదు, తను తిప్పలేక అవస్థ పడుతుంటే చూసి నవ్వుకోవడానికి పెట్టాడు. ఏటా సమాధుల పండుగకి అందరూ కొత్త స్థలంలో తమవాళ్ల సమాధులకి సున్నం వేసుకుంటుంటే, ఇతను గేటు ఇవతలే ఒక కొవ్వొత్తి వెలిగించి, కెమెరాకేసి గుర్రుగా చూసి వచ్చేసేవాడు.

కోర్టు వరండాలో ప్రసన్నలక్ష్మి ఎదురొచ్చింది.

"కేసు అయిపోయిందండీ ఎలీయాజరు గారూ."

"గెలిచామాండీ?"

"గెలుపూ లేదు, ఓటమీ లేదండీ. గేటు పీకించేశానని, ఇక దారి మూయనని భాస్కరరావు గారు మొన్న ఆసుపత్రి నుంచి సంతకం పెట్టి పంపారు. ఇంక తేల్చడానికి ఏముందని జడ్జిగారు మూసేశారు."

"అదేంటండీ! దారి నాదని తీర్పు రాయరా?"

"గేటే లేదు గదండీ." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయన ఇవాళ తెల్లారుజామున ఏలూరులో పోయారటండీ."

చచ్చేముందు కూడా ఎత్తు వేశాడు, తీర్పు రాకుండా తప్పించుకున్నాడు అనుకున్నాడు ఎలీయాజరు. ఒళ్లు మండిపోయింది. తిట్టుకోవడానికి మనిషే లేడని గుర్తొచ్చి ఇంకా మండింది. గేటు తీశారన్న మాటా నమ్మలేదు. ఆటో ఎక్కి నేరుగా చెరువుకి వెళ్లాడు.

నిజమే. గేటు గట్టువార పడుకోబెట్టి ఉంది, గొలుసుకి తాళం అలాగే ఉంది. స్తంభం మీద కెమెరా లేదు, తెగిన వైరు ఊగుతోంది. కింద మేకుకి తాళంచెవి ఉంది. ఎదురుగా దారి తెరిచే ఉన్నా అతని కాలు ముందుకి పడలేదు. ముందు ఆ చెవి దొంగదని తేలాలి. కేసు పోయినా, ఆ ఒక్కటీ గెలవాలి.

మేకు నుంచి తీశాడు. వేళ్లకి నూనె అంటింది. ఏడేళ్లు ఎండకీ వానకీ ఉన్న ఇనుముకి చుక్క తుప్పు లేదు. గొంతుక్కూర్చుని తాళంలో పెట్టి తిప్పాడు.

టక్కున ఊడింది.

మళ్లీ వేశాడు, మళ్లీ తిప్పాడు. మళ్లీ ఊడింది. మూడోసారి తిప్పబోయి, అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

"ఏడేళ్లు రాకుండా పోయానే అచ్చమ్మా," అని ఏడ్చాడు.

కాసేపటికి లేచి, కళ్లు తుడుచుకుని, చెవిని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని దొడ్డికేసి నడిచాడు.

గేటు లేని స్తంభానికి తాళంచెవి నూనెతో మెరుస్తూ వేలాడుతోంది.